జానెడు అరుగు

విజయనగరం,
14-7-1968

మామ్మకి,

పద్మ నమస్కారాలు. హాస్టల్లో బాగానే ఉన్నాను. పప్పులో పప్పు ఎక్కడుందో వెతుక్కోవడం తప్ప వేరే కష్టం లేదు.

నీతో ఒక పని పడింది. మా ట్రైనింగు స్కూల్లో సోషల్ చెప్పే మేడం ఒక్కొక్కరినీ తమ ఊళ్ళో ఒక వీధి చరిత్ర రాసుకురమ్మన్నారు. ఏ ఇల్లు ఎవరిది, ఎప్పటిది, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళిపోయారు అన్నీ రాయాలి. పక్కన పటం కూడా గియ్యాలి. నేను గరివిడి క్వార్టర్సులో పెరిగినదాన్ని, అక్కడి ఇళ్ళకి నంబర్లే గాని చరిత్ర లేదు. నాకు వీధి అంటే గంగువలసలో మీ పడమటి వీధే, అదీ సెలవుల్లో చూసినంతే. కాబట్టి ప్రెసిడెంటు నరసింగరావు బాబయ్య ఇంటి దగ్గర మొదలుపెట్టి ఆ చివరి దాకా నువ్వే చెప్పాలి.

నీ కళ్ళు ఎలా ఉన్నాయి? మూడేళ్ళ కిందట మూడుసార్లు విశాఖపట్నం వెళ్ళి చూపించుకున్నావు కదా. ఆ డాక్టరు కళ్ళద్దాలు ఎందుకు రాయలేదో నాకు ఇప్పటికీ తెలీదు.

నీ మనవరాలు
పద్మకుమారి


గంగువలస,
22-7-1968

పద్మకి మామ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. క్షేమం రెండు ముక్కలు, పని పది ముక్కలు. నా కళ్ళకేం, నీ ఉత్తరంలో కొట్టివేతలు ఐదున్నాయని కనిపెట్టేపాటి చూపు ఉంది.

చరిత్ర అంటే రాజులదే అనుకునేదాన్ని. మా వీధి గురించి రాయమన్న మీ మేడం చాలా తెలివైన మనిషైనా అయుండాలి, పనిలేని మనిషైనా అయుండాలి. సరే, రాసుకో.

ముందు అరుగు గురించి రాయి. మా వరసలో ఇళ్ళు తొమ్మిది, అరుగు ఒకటి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉమ్మడి. చూరు కూడా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాది. వానాకాలంలో నరసింగరావు ఇంటి దగ్గర అరుగెక్కితే చిట్టచివరి ఇంటిదాకా నడుమ ఒక్కచోట తప్ప తల తడవకుండా నడవొచ్చు. మనుషులతోపాటు మాటలు కూడా అలాగే నడుస్తాయి. ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారు.

పొద్దు పొడవకముందే ఎవరి గుమ్మం ముందు మేర వాళ్ళు పేడా ఎర్రమట్టీ కలిపి అలుక్కోవాలి. ఇది ఈ వీధి చట్టం. ఊరెళ్ళేవాళ్ళు పక్కింటావిడతో "ఒసే, నా అరుగు సూడు" అని చెప్పి వెళ్తారు. ఆ మాట అంటే ఇంటి తాళం చేతికిచ్చినట్టే. ఇంట్లో ఎవరైనా పోతే మూడు రోజులు అలకరు, నాలుగో నాడు అలుకుతారు. అందుకే ఎండిపోయిన అరుగు కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరు, చెప్పులు విడిచి ఓ నిమిషం నిలబడతారు.

ఇక ఇళ్ళు. మొదటిది నరసింగరావుది. వాళ్ళ తాత నరసన్నపేట నుంచి ఒక జత ఎడ్లతో వచ్చేడు. ఇరవై మూడులో వీధంతా తగలబడిపోయింది, నిప్పు పుట్టింది వాళ్ళ వంటింట్లోనే. ఇది రాయకు. లేకపోతే రాయి, వాడెలాగూ చదవడు.

రెండోది అమ్మడిది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, వెంట్రుకలాంటి నూలు వడికి పొందూరు పట్టుకెళ్తాది. నూలు ఎంత సన్నమో నోరు అంత ముతక.

మూడోది మనది. మీ తాత కట్టించినది, మీ చిన్నాన్న కొండబాబు కారనిస్తున్నది.

నాలుగోది ఖాళీ స్థలం. రాసుకో, ఖాళీ.

ఐదోది బుల్లమ్మది. ఆవిడ మొగుడు రంగం వెళ్ళి టేకు తలుపులు తెచ్చేడు. మీ పుస్తకాల్లో రంగూన్ అంటారు, మేం రంగం అంటాం. మా కాలంలో మొగాడు పుట్టినప్పుడే ఓడెక్కుతాడని తెలిసిపోయేది. బుల్లమ్మ ఆ తలుపుల్ని ఇప్పటికీ రోజూ తుడుస్తాది, మొగుణ్ణి మాత్రం ఏనాడూ తుడవలేదు.

మిగతా నాలుగూ ఒక్క తండ్రి పిల్లలవి. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు, అందుచేత చరిత్ర ఏమీ జరగలేదు.

ఇంతే. పటంలో గీతలు తిన్నగా గియ్యి.

మామ్మ దేముడమ్మ


విజయనగరం,
10-8-1968

మామ్మకి,

పద్మ నమస్కారాలు. నీ ఉత్తరం మేడం క్లాసులో చదివి వినిపించారు. బుల్లమ్మ గారి తలుపుల దగ్గర అందరూ నవ్వారు. పటం కూడా బాగా వచ్చింది. వేసవిలో నేను అడుగులతో కొలిచి పెట్టుకున్న లెక్క పనికొచ్చింది.

ఇంకో సంగతి. మొన్న నరసింగరావు బాబయ్య ఆఫీసు పని మీద ఈ ఊరు వచ్చి, హాస్టలుకొచ్చి నన్ను చూసి వెళ్ళారు. పటం చూసి, "ఇంత బాగా మా సర్వేయరు కూడా గియ్యడు, నాకో నకలియ్యమ్మా" అన్నారు. గర్వంగా గీసి ఇచ్చాను. పంచాయతీకి రేడియో వస్తోందిట. దానికో గది కట్టాలిట, రోడ్డు కూడా వెడల్పు చేస్తారుట. నాలుగో స్థలం ఖాళీ అని చూసి, ఆ ముందున్న అరుగు కొట్టేసి అక్కడే కడతామన్నారు.

తర్వాత నవ్వుతూ, "ఖాళీ అని మీ మామ్మే రాసిందా? ఆవిడ రోజూ మీ అరుగుతోపాటు ఆ అరుగు కూడా అలుకుతాది కదమ్మా. మెల్లిగా కలుపుకోడానికేనని వీధంతా అనుకుంటన్నారు" అన్నారు. నేను వేసవికి వచ్చినప్పుడు నువ్వు అలకడం చూశాను గాని అదంతా మనదే అనుకున్నాను. నిజమేనా మామ్మా?

పద్మ


గంగువలస,
18-8-1968

పద్మకి.

నిజమే. కలుపుకోడానికే. ఇరవై ఎనిమిదేళ్ళుగా కలుపుకుంటున్నాను, ఇంకా కలవలేదు. పనితనం లేనిదాన్ని.

ఈ ఏడు వరిలో ఉల్లికోడు పురుగు ముందే మొదలయింది. మీ పిన్ని లక్ష్మణమ్మ చింతకాయ తొక్కులో ఉప్పు మరిచిపోయింది, గుర్తు చేస్తే రెండుసార్లు వేసింది. మీ నాన్న జగన్నాధానికి చెప్పు, గరివిడి నుంచి గంగువలసకి బస్సు ఉందని. వాడికి తెలిసినట్టు లేదు.

నువ్వు బాగా చదువుకో. చరిత్ర అయిపోయింది కాబట్టి లెక్కలు చూసుకో.

మామ్మ


విజయనగరం,
2-9-1968

మామ్మకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇలా రాస్తున్నానని కోపగించకు. చిన్నప్పుడు బుల్లమ్మ గారి పెరట్లో కనకాంబరాలు కోశానని నా చెయ్యి మీద కొట్టి, "పరాయిది పువ్వయినా పరాయిదే" అన్నది నువ్వే. ఇప్పుడు ఎవరిదో స్థలం రోజుకింత అలికి మనది చేసుకుంటున్నానని నువ్వే ఒప్పుకుంటే నేనేమనుకోవాలి?

చరిత్రలో మనవాళ్ళని వదిలెయ్యకూడదని మేడం చెప్తారు. అందుకని వ్యాసంలో "నాలుగో స్థలం ఖాళీ, ప్రస్తుతం పక్క ఇంటివారి అనుభవంలో ఉన్నది" అని రాశాను. బాబయ్య మళ్ళీ వస్తే, మన ఇంటి తరఫున అభ్యంతరం లేదని ఒక కాగితం కూడా రాసిచ్చాను. ఊరందరికీ రేడియో వస్తుంది. నువ్వు కూడా వినొచ్చు.

నీ మీద గౌరవం తగ్గి కాదు.

పద్మ


గంగువలస,
20-9-1968

పద్మకి మామ్మ దీవెనలు.

మొన్న బుధవారం పంచాయతీవాళ్ళు కొలతల గొలుసు పట్టుకుని వచ్చేరు. నాలుగో అరుగు మీద సున్నంతో అడ్డంగా గీత గీసేరు. నేను వెళ్ళి ఆ గీత మీద కూర్చున్నాను. నరసింగరావు నీ కాగితం తీసి, "పిన్నీ, ఇది నీ మనవరాలి సేతిరాతే కదా, సూడు" అన్నాడు. చూసేను. నీ చేతిరాతే, గుండ్రంగా బాగుంది. కొండబాబు సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయేడు. బుల్లమ్మ తలుపు తుడుస్తూ, "ఏటమ్మా దేముడమ్మా, ఇంకా ఎంత సోటు కావాలి నీకు" అన్నాది. నేను జవాబు చెప్పలేదంటే నా ఒంట్లో బాగులేదనుకున్నారు అందరూ.

ఖాళీ అని నీకు చెప్పినది నేను. నేను చెప్పేను కాబట్టే నువ్వు నమ్మేవు. కాబట్టి తప్పులో సగమే నీది. కలుపుకోడానికే అన్న మాట వెటకారం. వెటకారం ఉత్తరంలో పంపకూడదు, దారిలో ఆరిపోతాది.

నాలుగో ఇల్లు కూర్మమ్మది. ఇప్పుడు సరిగ్గా రాసుకో.

ఆవిడా నేనూ ఒక్క ఏడే కాపరానికి వచ్చేం. నేను బోర్డు స్కూలు మేష్టారి కూతుర్ని, నాకు చదువొచ్చని పొగరు. ఆవిడ కళింగపట్నం వైపు మనిషి, ఆవిడకి పనొచ్చని పొగరు. మా రెండు గుమ్మాల మధ్య, ఉమ్మడి గోడకి ఎదురుగా, అరుగు మీద జానెడు చోటు ఉంది. అది ఎవరి వంతు అన్నది తగువు. నేను నా మేర అలికి అక్కడికి ఆపేదాన్ని, ఆవిడ తన మేర అలికి ఇక్కడికి ఆపేది. మధ్యలో ఆ జానెడూ ఎండిపోయి, పగిలి, మా ఇద్దర్నీ వెక్కిరించేది. "సదువుకున్నదానివి కదా, కొలుసుకో" అనేది. "పనిమంతురాలివి కదా, చేసుకో" అనేదాన్ని. పన్నెండేళ్ళు. మధ్యాహ్నం ఒకే కంచంలో జీడిపప్పు ఒలుచుకునేవాళ్ళం, నా ఇద్దరు పిల్లలకీ పురుడు పోసింది ఆవిడే. తెల్లారేసరికి మాత్రం ఆ జానెడు దగ్గర పరాయివాళ్ళం.

ఆవిడ మొగుడు ఎర్రన్న రంగంలో బియ్యం మిల్లులో ఉండేవాడు. నలభైలో, ఫాల్గుణ మాసంలో, ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చేడు. వాళ్ళకి పిల్లలు లేరు. ప్రయాణానికి ముందు రోజు కూడా ఆ జానెడు గురించి గట్టిగా తగువు పడ్డాం. ఆ ఉక్రోషంతో తెల్లారి బండి కట్టినప్పుడు నేను బయటికి రాలేదు. పుస్తకం తిరగేసి పట్టుకుని లోపల కూర్చున్నాను. వచ్చి "నా అరుగు సూడు" అంటాది, అప్పుడు వెళ్దాం అనుకున్నాను. ఆవిడా రాలేదు. బండి చప్పుడు స్టేషను దారి పట్టేక బయటికి వచ్చేను.

ఆ జానెడూ అలికి ఉంది. ఇంకా తడి ఆరలేదు. నాలుగు వేళ్ళ గుర్తులూ ఉన్నాయి.

ఓడిపోయేనని అలికి వెళ్ళిందో, ఇది నాదేనని చూపించడానికి అలికి వెళ్ళిందో నాకు తెలీలేదు. వచ్చేక అడుగుదాం అనుకున్నాను. ఆ మర్నాటి నుంచీ ఆవిడ అరుగు నేను అలుకుతున్నాను. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. ఆ జానెడు మాత్రం ముట్టుకోలేదు. మీ బాబయ్యకి కళ్ళుంటే కనిపించాలి, కలుపుకునేవాళ్ళెవరూ మధ్యలో జానెడు వదిలిపెట్టరు.

నలభై ఒకటి ఆఖర్లో రంగం మీద బాంబులు పడ్డాయి. నడిచి వచ్చినవాళ్ళు వచ్చేరు, వీళ్ళు రాలేదు. తుపానుకి ఇల్లు కూలింది. గోడలు వానలకి కరిగేయి. అరుగు ఒక్కటీ నిలిచింది, రోజూ చెయ్యి తగిలేది కాబట్టి. మూడేళ్ళ కిందట బర్మా నుంచి మనవాళ్ళని ఓడల్లో పంపేస్తున్నారని పేపర్లో చదివేను. విశాఖపట్నం వెళ్ళింది అందుకే. ఏ కంటి డాక్టర్నీ నేను చూడలేదు, ఓడ దిగేవాళ్ళని చూసేను. మూడు ఓడలు. ఎంతమంది ముసలమ్మలు దిగేరో. నా మనిషి మొహం నేను గుర్తుపట్టగలనా అన్నది అప్పుడే అనుమానం వచ్చింది. అందుకే నాలుగోసారి వెళ్ళలేదు.

నీకు ఖాళీ అని ఎందుకు రాసేనంటే, ఈ మాటలు రాయకుండా ఉండడానికి.

ఆ ఇంటి మనుషులెవరైనా ఉన్నట్టు రుజువు తెస్తే ఆపుతాను, లేకపోతే దీపావళికి ముందే పని మొదలెడతాను అన్నాడు నరసింగరావు. వాడు చెడ్డవాడు కాడు, ప్రెసిడెంటు.

మామ్మ


విజయనగరం,
7-10-1968

మామ్మకి,

నీ ఉత్తరం అందింది. అభ్యంతరం లేదన్న కాగితం తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని బాబయ్యకి అప్పుడే రాశాను. కాని ఒక కాగితం రాసినంత సులువుగా ఇంకో కాగితం దాన్ని చెరపదని తెలిసింది.

నిన్న ఆదివారం విశాఖపట్నం వెళ్ళాను. బర్మా నుంచి వచ్చినవాళ్ళకి వేసిన కాలనీ ఒకటుంది. ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి, పొందూరు దగ్గర గంగువలస కూర్మమ్మ, మొగుడు ఎర్రన్న, బియ్యం మిల్లు అని అడిగాను. మధ్యాహ్నం దాకా ఎవరూ తెలీదన్నారు. చివరికి రేకుల ఇంటి ముందు ఒక పెద్దావిడ గుమ్మం అలుకుతోంది. అడిగితే, "ఊరు తెల్దమ్మా. నాకు తెలిసిన కూర్మమ్మది ఎప్పుడూ అరుగు ఊసే. అరుగు సెప్పు, సెప్తాను" అంది. నేను జానెడు చోటు సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో గుడ్డ కింద పెట్టేసింది.

ఆవిడ పేరు దానమ్మ. రంగంలో మిల్లు లైన్లలో వాళ్ళదీ కూర్మమ్మ గారిదీ పక్కపక్క గదులు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"సిమెంటు గచ్చు మీద ఎవులైనా పేడేసి అలుకుతారేటమ్మా? అది అలికేది. అందరం నవ్వేవోళ్ళం. అక్కడ నా అరుగు ఒకతి సూస్తన్నాది, ఇక్కడ నేను బద్ధకిస్తే దానికి తెలిసిపోద్ది అనేది. అప్పసెప్పేవా అంటే, సెప్పక్కర్లేదు, అది సదువుకున్నది, సదువుకుంటాది అనేది. బాంబులు పడ్డాక అందరం నడక మొదలెట్టాం. ప్రోము ఊరు దాటేక, కొండదారి మొదట్లో, కలరా. దాని మొగుడు ముందు రోజు పోయేడు, అది మర్నాడు. నాకు తోడు లేక ఎనక్కి తిరిగిపోయేను."

మామ్మా, ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. ఇది నీకు పంపాలో వద్దో బస్సంతా ఆలోచించాను. కాని నువ్వు ఒక మాట కోసం ఇన్నేళ్ళు ఆగావు, ఆ మాట నా దగ్గర ఉంచుకునే హక్కు నాకు లేదు. దానమ్మ చెప్పిన చివరి ముక్క ఇది.

"నీళ్ళు పోస్తంటే నవ్వింది. ఆ జానెడూ నా వంతేనే దానమ్మా, నాకు మొదట్నుంచీ ఎరికే అన్నాది. నువ్వు ఎప్పుడైనా మా ఊరెళ్తే దానికి మాత్రం సెప్పకు, నెత్తెక్కుతాది అన్నాది."

చెప్పకు అన్నది చెప్పేశాను. క్షమించు.

పద్మ


గంగువలస,
16-10-1968

పద్మకి మామ్మ దీవెనలు.

నీ ఉత్తరం పదో తారీకున మధ్యాహ్నం టపాలో వచ్చింది. చదివి, నూతి దగ్గరకెళ్ళి తలమీద నీళ్ళు పోసుకున్నాను. మీ పిన్ని పరిగెత్తుకొచ్చి, "ఎవులు పోనారత్తా" అన్నాది. పక్కింటావిడ అన్నాను. బుల్లమ్మ తలుపు తుడుస్తూ కనిపిస్తూనే ఉంది, పాపం లక్ష్మణమ్మకి అర్థం కాలేదు. ఎప్పుడు పోయిందంది. ఇరవై ఆరేళ్ళయింది, ఇందాకే టపాలో అన్నాను.

మర్నాడు మన అరుగు అలికి అక్కడ ఆపేను. కూర్మమ్మది అలకలేదు. రెండో రోజూ అలకలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ అరుగు ఎండడం ఈ వీధి చూడలేదు. అమ్మడు రాట్నం ఆపి వచ్చి చూసి వెళ్ళింది. మాట్లాడుకోని ఆ నాలుగిళ్ళవాళ్ళూ కలిసి వచ్చేరు. బుల్లమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, "ఇన్నాళ్ళూ అప్పసెప్పి ఎళ్ళిందనే మాట నాకెందుకు సెప్పలేదే" అన్నాది. చెప్పి వెళ్ళలేదు కాబట్టి అన్నాను. మూడో రోజు నరసింగరావు పనివాళ్ళతో వచ్చేడు. ఎండిన అరుగు చూసి చెప్పులు విడిచేడు. వాడు విడిస్తే గొలుసు మోసేవాడూ విడిచేడు. కాసేపు నిలబడి, "పిన్నీ, గది ఎనక్కి జరుపుతాం. అరుగు ముట్టుకోం" అన్నాడు. కట్టుకో నాయనా, ఆవిడకి పాటలంటే ఇష్టమే అన్నాను. నీ కాగితం నా చేతికిచ్చి వెళ్ళేడు. పొయ్యిలో పెట్టేను. గుండ్రటి రాత బాగా మండింది.

నీ వ్యాసం దిద్దు. నాలుగోది ఖాళీ కాదు, పక్కింటివారి అనుభవంలోనూ లేదు. కూర్మమ్మ ఇల్లు అని రాయి.

దానమ్మని ఒకసారి తీసుకురా. గచ్చు మీద అలికినప్పుడు అది ఎలా ఆరేదో అడగాలి. కూర్మమ్మ పలచగా అలికేది, నేను ఎప్పుడూ చెప్పేదాన్ని.

నెత్తెక్కలేదని ఆవిడకి చెప్పే దారి లేదు. మొన్న నాలుగో నాడు పొద్దున్నే లేచి ఆవిడ అరుగు అలికేను. గుమ్మం నుంచి మొదలుపెట్టి మన వైపు వస్తూ వస్తూ, ఆ జానెడు దగ్గర చెయ్యి అలవాటుగా ఆగింది. నీళ్ళు చల్లేను. పగుళ్ళు తాగేసేయి, మళ్ళీ చల్లేను.

ఆవిడ వంతు నేను అలికేను.

మామ్మ
దేముడమ్మ